చుట్టింటి గుమ్మంలో తుమ్మకంప

ఏటి అమ్మలూ, ఆ ఫోటో మళ్ళీ ఓసారి ఇలా తే. కళ్ళజోడు కూడా అందుకో, దేవుడి గూట్లో ఉంటాది. ఊరికే కాళ్ళు జాపుకుని కూచోకు, ఈ పత్తిలో గింజలేరు, నాను వత్తులు చేసుకుంటాను, నోరు పని నోటిది, చేతి పని చేతిది. ఆఁ... ఇదేనా మీ నాన్న రేపు అడ్వాన్సు ఇస్తానంటన్న ఇల్లు? దీని మీద ఏటి రాసేరు, "వీకెండ్ కాటేజీ"నా! రాస్తారు, రాస్తారు. గోడకి రంగు కొట్టీసేరు, లేని కిటికీ పెట్టీసేరు, ముందర సిమెంటు కుర్చీలు. కానీ కప్పు చూడు, గొడుగు వాలినట్టు గుండ్రంగా కిందకి దిగిపోయి ఉంది, మన పాత చుట్టిల్లే. గుమ్మం చూడు, ఎంతటివాడైనా నడుం వంచాల్సిందే. అరుగు పక్కన ఆ అంచు విరిగిన రోలు కనిపిస్తందా? ఆ రోట్లో పిండి దంపుకున్న మనిషి మా మేనత్త పాపాయమ్మ. మీ నాన్నకి తెలీకేం! చిన్నప్పుడు సెలవలకి అక్కడే పడి ఉండీవాడు. ఆ మోజు మీదే కదా కొంటానంటన్నాడు. వాడికి తెలీంది ఇంకోటుంది. అది జరిగినప్పుడు వాడు భిలాయిలో ఉద్యోగం. నువ్వు పొత్తిళ్ళలో ఉన్నావు. పసిపిల్ల తండ్రి చెవిన ఈ మాట వెయ్యొద్దని అత్త నా చేత ఒట్టేయించుకుంది.

మా అత్తకి అనుమానం ఎక్కువని ఊరంతా నవ్వీవారు. ఆవు వట్టిపోయిన రోజుల్లో పాలవాడు నవ్వితే పాలలో నీళ్ళు కలిపేడనీది, నవ్వకపోతే నీళ్ళలోనే పాలు కలిపేడనీది. కోడిపెట్ట గుడ్డు పెట్టకపోతే పక్కింటి అసిరమ్మ వైపు చూసీది. "ఓలమ్మా, నీ పెట్ట పెట్టకపోతే నాను పెట్టాలేటే?" అని అసిరమ్మ మొత్తుకునీది. మరి పిల్లల్లేరు, ఆ ఇల్లే లోకం. పండక్కీ పబ్బానికీ కాదు, ప్రతి శుక్రవారం పేడతో అలికీది. లోపల ఎండాకాలం కూడా చల్లగా ఉండీది, కుండలో కూచున్నట్టు. అలాంటిది ఓ రోజు దొరబాబు, అంటే మా మావకి, అత్త పెనిమిటికి, అన్నగారి కొడుకు, పట్నం నుంచి ఒకాయన్ని కారులో తీసుకొచ్చేడు. భీమశంకరరావుగారట. పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయేరట. ఆయన ఇంటి చుట్టూ తిరిగి, గోడ తట్టి, కప్పు నిమిరి, "అమ్మగారూ, వారానికో రోజు వచ్చి హాయిగా ఊపిరి పీల్చుకుని వెళ్తామండీ, మాకు ఇచ్చెయ్యండి" అన్నాడు. అత్త ఏమందో తెలుసా? "ఊపిరికి ఇల్లు కొనీవాళ్ళని ఇప్పుడే చూస్తన్నాను బాబూ. నా ముక్కు సింహాద్రప్పన్న ఊరికే ఇచ్చేడు" అంది. ఆయన నవ్వేడు. దొరబాబు నవ్వలేదు. ఆయన వెళ్ళేక అత్త నాతో, "ఒసే, మేడలో ఉండీవాడు గుడిసె పొగిడితే నమ్మకూడదే. ఆయన్ని తెచ్చినవాణ్ణి అసలే నమ్మకూడదు" అంది. నానూ నవ్వేను. అత్త మాటలకి నవ్వడం మనకి అలవాటు కదా.

ఆ తరవాత ఎన్నాళ్ళో కాలేదు, మావ పోయేడు. ఎల్లారావు మావ, దేవుడిలాంటి మనిషి, చాన్నాళ్ళ బట్టీ ఆయాసం. సాయంత్రం పూట అత్త ఒళ్ళోనే పోయేడు. అదిగో, చిక్కంతా అక్కడే. ఆ రోజు దీపాలవేళకి శ్రవణా నక్షత్రం వెళ్ళిపోయి ధనిష్ఠ వస్తాది. ధనిష్ఠలో మనిషి పోతే పంచకం, ఆర్నెల్లు ఇల్లు పాడు పెట్టాలి. గుమ్మానికి తుమ్మకంప అడ్డం పెట్టీసి అందరూ బయటికి వచ్చీయాలి. లోపల మనిషి మసలకూడదు, దీపం పెట్టకూడదు. మీరితే అయినవాళ్ళలో ఇంకొకర్ని పట్టుకుపోతాదంటారు. మరి మావ దీపాలవేళకి ముందు పోయేడా, తరవాత పోయేడా? పంతులుగారికి కబురు తీసుకెళ్ళింది ఎవరు? దొరబాబు. "దీపాలేళ దాటీసింది పంతులుగారూ" అని చెప్పి, పంచకమే అనిపించుకుని వచ్చేడు. అత్త మొర్రోమంది. "కాదురా, ఆవు ఇంకా మేత నుంచి రాలేదు. ప్రమిదలో నూనె పోసుకున్నాను, వెలిగించనైనా లేదు, వెళ్ళి చూడండి" అని. నానూ తరవాత వెళ్ళి కంప సందులోంచి చూసేను, నూనె పోసిన ప్రమిద అలాగే ఉంది, వత్తి కొస తెల్లగా. వాడు, "మనిషి పోతంటే దీపం ఎవులు పెడతారు పిన్నీ? నీకు మతి ఎక్కడుంది?" అన్నాడు. అదీ నిజమే అనిపిస్తాది కదా! బొట్టు తీసీసిన ఆడదాని మాటకి, అందులోనూ ఎప్పుడూ అనుమానించే మనిషి మాటకి విలువేటి?

అత్త పట్టుపట్టి లోపలే కూచుండును, అమ్మలూ. కూచోలేదు. అప్పుడే నువ్వు పుట్టావని భిలాయి నుంచి కార్డు వచ్చింది. "నా అనుమానం నిజమైతే ఇల్లు నాది. తప్పైతే? ఆ పసిపిల్లకేటైనా అయితే ఆ పాపం ఎవరిదే?" అంది. అని తనే కంప ఈడ్చుకొచ్చి గుమ్మానికి పెట్టి, ఎదురుగా పశువులసాలలో తాటాకు తడిక కట్టుకుని దిగింది. పదో రోజుకని వెళ్ళిన నాను తోడుగా ఉండిపోయేను. రోజూ పొద్దున్నే మొహం కడుక్కుని ఆ గుమ్మం వైపు దణ్ణం పెట్టీది, గుడికి పెట్టినట్టు. దొరబాబు రోజూ వచ్చి, "పిన్నీ, ఈ వయసులో నీకెందుకు, అమ్మీసి నా ఇంటికి వచ్చీ" అనీవాడు. పాలూ పళ్ళూ తెచ్చీవాడు. అత్త ఆ పాలు ఆవుకి పోసీది. "దాని పాలు దానికే ఇవ్వడం ధర్మం" అనీది.

ఓ మధ్యాన్నం కారు చప్పుడు. భీమశంకరరావుగారు దిగేరు. పాపం పట్నం మనిషి, ఆయనకేం తెలుస్తాది, తుమ్మకంప అంటే మేకలు రాకుండా పెట్టేరనుకున్నాడు. కాలి బూటుతో పక్కకి తోసి, నడుం వంచి లోపలికి వెళ్ళిపోయేడు. వెనకాలే ఎవరనుకున్నావు? దొరబాబు! భయం లేదు, జంకు లేదు, "కప్పు కొత్తగా నేయించీవచ్చండీ" అంటా, చుట్టింట్లో వాడి నవ్వు మాకు సాల దాకా వినిపించింది. అత్త లేచింది. ఆ ముసలి ఒంట్లోకి ఎక్కడి బలం వచ్చిందో, కంప ఈడ్చుకొచ్చి, వాళ్ళిద్దరూ లోపల ఉండగానే గుమ్మానికి అడ్డం పెట్టీసింది. "రండర్రా, పంచకం ఇంట్లో మనుషులు మసలతన్నారు, రండి!" అని ఒక్క కేక. అసిరమ్మ చేట పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మో, దొరబాబే! ఏట్రా, పట్నం బాబుకి తెల్దు, నీకూ తెల్దేటి?" అంది. అత్త కంప పట్టుకుని అడిగింది, "చెప్పరా. నీ చిన్నాన్న పంచకంలో పోతే నువ్వు లోపలెందుకున్నావు? పంచకం కాకపోతే నాను బయటెందుకున్నాను?" అని. అందరూ వాడి నోటికేసే చూస్తన్నారు. వాడు, "ఆయన తోసుకెళ్ళిపోతే ఆపడానికెళ్ళాను పిన్నీ" అన్నాడు. విన్నావా? లోపల వాడి నవ్వు విన్నది మేమిద్దరమే, కాదనడానికి ఎలా వీలవుతాది! భీమశంకరరావుగారు మాత్రం చేతులు జోడించి, "తల్లీ, నాకు ఈ ఇల్లొద్దు" అని ముళ్ళు గీరుకుంటా వెళ్ళిపోయేడు. మళ్ళీ రాలేదు.

అత్త గెలిచిందా అంటే... గెలవలేదమ్మా. పంతులుగారు చెప్పిన మాట మార్చలేదు. వానలొచ్చేయి. సాల కురిసింది, జలుబన్నారు, నెమ్ము అనుకున్నాం. గడువు ఇంకా ఉండగానే ఆ తడిక చాటునే పోయింది. ఎదురుగా ఇల్లు, గుమ్మానికి కంప. పోయే ముందు కూడా, "ఆవు రాలేదే, నిజంగా రాలేదే" అనే అంది. తరవాత ఇల్లు దొరబాబుకే వచ్చింది. చిత్రం చూడు, అంత కోరుకున్నవాడు అందులో ఒక్క పూట నిద్ర చెయ్యలేదు. ఊళ్ళో మేడ కట్టుకున్నాడు. వాడూ పోయేడు. ఇప్పుడమ్ముతన్న వీరేంద్ర వాడి కొడుకే.

నాకొకటే అనుమానం, అమ్మలూ. దాచకుండా చెప్పు. మొన్న ఆదివారం మీరు చూడ్డానికి వెళ్ళేరు కదా. ఆ వీరేంద్ర మీతో పాటు లోపలికొచ్చి చూపించేడా?

తాళం ఇచ్చేడా. ఇచ్చి?

మీ నాన్న రమ్మన్నా రాలేదా... ఎండలోనే నిలబడ్డాడా. మంచినీళ్ళు కూడా బయటికే తెప్పించుకున్నాడా. తండ్రి భయమే కొడుక్కీ ఉందన్నమాట.

చాల్లే, ఆ పత్తి తీసీ. పొద్దు వాలిపోతంది. ఆ ప్రమిద ఇలా అందుకో, వెలుగుండగానే దీపం పెట్టీసుకుందాం. మీ నాన్న ఇంటికి రాగానే, బట్టలు మార్చుకోకముందే ఓసారి నా దగ్గరికి రమ్మను, అడ్వాన్సు ఇచ్చే ముందు వాడీ మాట వినాలి.