కాస్త ఎరుపు

స్టూడియో వెనక గదిలో మానిటర్ ముందు ఇద్దరు: స్టూడియో నడిపే ఆవిడ, పెన్ డ్రైవ్ తీసుకొచ్చిన ఒక తండ్రి.

“మీ మానిటరే బాలేదక్కా. పాప మొహం నీలంగా కనబడుతోంది.”

“ఏదీ? ఫోటో సరిగ్గా తియ్యక మానిటర్‌నంటారు చాలామంది, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఊఁ... నువ్వన్నది నిజమే, నీలంగానే ఉంది. కొత్తదిలే ఇది, ఇంకా రంగులు సరిచెయ్యలేదు. ఆగు.”

“సరవుతుందా?”

“ఎందుకవదు? ఈ సెన్సర్‌ని ఇలా తెర మీద వేలాడదీస్తామా, ఒక్కో రంగూ వస్తుంటే ఇది కొలుస్తుంది. తేడా ఉన్నచోట దిద్దుకుంటుంది. ఆ కర్టెన్ వెయ్యి, వెలుతురు పడకూడదు.”

“వేశాను.”

“ఎంత బుద్ధిగా పడుకుందో! మా వాడైతే ఈ వయసులోనే ఇల్లు పీకి పందిరేసేవాడు. కదలకుండా ఎలా తీశావయ్యా?”

“నర్సు తీసింది. ఇంకెంతసేపక్కా?”

“తెలుపైంది, బూడిదైంది, ఇప్పుడు ఎరుపు... పేరు పెట్టారా?”

“సాయంత్రానికి పెద్ద ప్రింటు కావాలి. ఫ్రేముతో.”

“పేరడిగితే ఫ్రేమంటావేంటి!”

“మా ఆవిడ సాయంత్రం ఇంటికొస్తోంది. రాగానే చూపించాలి.”

“పిల్లని ఒళ్ళో పెట్టుకుని వచ్చేదానికి ఫోటో ఎందుకు, చోద్యం కాకపోతే! అదిగో, అయిపోయింది. చూడు.”

“అలాగే ఉందే.”

“అవును. పెదాలు మరీ...”

“ఇంకోసారి చెయ్యండి.”

“దుప్పటి తెల్లగానే ఉంది, తువ్వాలు పసుప్పచ్చగానే ఉంది. ఇప్పుడు మానిటర్‌లో లోపమేం లేదు తమ్ముడూ.”

“నా ఫోన్లోనూ ఇంతే. పాత ఫోను కదా, అందుకేననుకున్నా. ఆసుపత్రి లైట్ల వల్లేమో అనుకున్నా. ఇంకొక్కసారి చెయ్యండక్కా, మీ కాళ్ళు పట్టుకుంటా.”

“తమ్ముడూ... పాప...”

“లేదక్కా.”

“అయ్యో! నా నోరు పడిపోను! పందిరనీ, పేరనీ నోటికొచ్చినట్టు వాగానే!”

“మీకేం తెలుసు? పుట్టడమే అలా పుట్టింది.”

“కూర్చో ముందు. ఏడుపొస్తే ఏడువు, ఇక్కడెవరూ లేరు.”

“ఏడిస్తే పనవదక్కా. మీరు... మీరు మొహానికి కాస్త ఎరుపు కలపగలరా?”

“కలపడానికేం, రోజూ చేసే పనేగా. కానీ కన్నతల్లి కదయ్యా. ఉన్నది ఉన్నట్టు చూస్తేనే మంచిదేమో.”

“వద్దు.”

“రేపెప్పుడైనా తెలిస్తే?”

“వద్దక్కా, వద్దు. కలపండి.”

“సరే, సరే. ఆగు... ఇంత చాలా?”

“ఇంకాస్త.”

“ఇప్పుడు?”

“ఇంకాస్త.”

“నిద్రపోయే పిల్ల ఇంత ఎర్రగా ఉండదు తమ్ముడూ.”

“నిద్రపోతున్నట్టు కాదు. ఏడ్చి ఏడ్చి అప్పుడే ఊరుకున్నట్టుండాలి.”

“అదెందుకు?”

“తను పాపని చూడనేలేదు. ఆపరేషన్ మత్తు దిగేసరికే అంతా అయిపోయింది. కళ్ళు తెరిచి ఒక్కటే అడిగింది, ‘ఒక్కసారైనా ఏడ్చిందా?’ అని. ఏడ్చింది, నేనెత్తుకుంటేగానీ ఊరుకోలేదని చెప్పానక్కా.”