తలుపు దగ్గర చప్పట్లు

న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్వేలో మధ్యాహ్నం నాటకం ముగిసింది. యాభై ఏళ్లుగా సినిమాల్లోనూ నాటకాల్లోనూ వేషాలు వేస్తున్న నటి మేకప్ గదిలో అద్దం వైపు చూడకుండా కూర్చుంది. ఆమెకు దుస్తులు తొడిగే విల్మా ఎడంచేత్తో వీపు మీది హుక్కులు విప్పుతోంది.

“మొదటిసారి స్టేజీ మీదికి రాగానే, ఎప్పట్లాగే చప్పట్ల కోసం సెట్టు తలుపు దగ్గర ఆగాను విల్మా. ఒక్కరూ కొట్టలేదు.”

“మిమ్మల్ని చూస్తూ మైమరిచిపోయి ఉంటారు మేడమ్.”

“నాకు కబుర్లు చెప్పకు. నేనెవరో వాళ్లకి తెలీలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.”

“తప్పు నాదండీ.”

“మధ్యలో నీదేంటి?”

“మిమ్మల్ని తలుపు వెనక వదిలి, పక్కదారిన హాల్లోకి పరిగెత్తి, చీకట్లో నిలబడి ముందుగా చప్పట్లు కొట్టేది నేనే. నన్ను చూసి జనం అందుకునేవాళ్లు. ఇవాళ మణికట్టు బెణికింది.”

“ఎన్నాళ్లుగా?”

“పన్నెండేళ్లు.”

“పన్నెండేళ్లు నన్ను పిచ్చిదాన్ని చేశావన్నమాట! ఇక మానెయ్. రేపట్నుంచి నేనక్కడ ఆగను, తిన్నగా నడిచొచ్చేస్తాను.”

“అలాగేనండీ.”

ఆఖరి హుక్కు ఊడింది. నటి తల వంచుకునే, గొంతు బాగా తగ్గించి అడిగింది.

“రేపటికి ఆ చెయ్యి తగ్గుతుందా?”