కోటయ్య తప్పిన పరీక్ష

ఏంటీ, బహుమతులు పెడితే పిల్లలు చదువుతారా అంటావా? పెట్టమ్మా, పెట్టు. నీ బడి, నీ ఇష్టం. నేనూ పెట్టినవాణ్ణే, అదీ జైల్లో. ఎనభైల్లో మాట. బడి వదలగానే సైకిలేసుకెళ్ళి ఖైదీలకి అక్షరాలు చెప్పేవాణ్ణి. మీ నాయనమ్మ తిట్టేది, ఇంట్లో పిల్లలకి చెప్పే తీరిక లేదు గానీ అని. సరే, అది వదిలెయ్.

వాళ్ళు చదవరే! ఒకటే ఆవులింతలు. ఇక నేనే పెద్ద తెలివిగలవాడిలా జైలరుగారికి చెప్పాను, నెలాఖరు పరీక్షలో పాఠం చదివినవాడికి ఒక ములాఖత్ ఎక్కువ ఇవ్వండి, ఇంటివాళ్ళొచ్చి చూసిపోతారు అని. పాసైనవాడి ఇంటికి, వచ్చి చూసుకోండని జైలు ఆఫీసు నుంచే కార్డు వెళ్ళేది. ఇంకేముంది, అందరూ పలకలు పట్టారు. ఒక్క కోటయ్య తప్ప.

పర్చూరు అవతల ఊరు వాడిది. కాలవ నీళ్ళ దగ్గర గొడవపడి ఎవరిదో తల పగలగొట్టి వచ్చాడు. మూడు నెలలమ్మా, మూడు నెలలు! పరీక్షనాడు 'అ' చూపించినా నోరు తెరవడు. "అది బుర్రా, బండరాయా?" అని అందరి ముందూ అన్నాను. అనకూడదు. అన్నాను.

ఒకరోజు పక్కవాడు 'మిరపకాయ' దగ్గర ఆగిపోతే, వీడు మెల్లిగా అందించాడు. నాకు ఒళ్ళు మండింది. చెవి పట్టుకోబోయి ఆగాను, నాకంటే పెద్దవాడు... కాదులే, నా ఈడువాడే. "చదువొచ్చి ఎందుకురా ఈ నాటకం?" అన్నాను.

"మిరప కోతలు మాస్టారూ. కార్డెళితే మా ఇంటిది రెండు బస్సులు మారి వస్తుందండి. ఆ రోజు కూలి పోతే పిల్లలకేం పెడుద్ది?"

చూశావా? బహుమతి నాది, పోయే కూలి ఆవిడది! నీకేం కావాలిరా అని ఒక్కణ్ణయినా అడిగానా?

మర్నాడే జైలరుగారితో పోట్లాడాను. ములాఖత్ వద్దన్నవాడికి ఖాళీ కార్డు, సొంతంగా రాసుకోవడానికి. కోటయ్య పాఠం గడగడా చదివేసి రాశాడు: "నేను బాగున్నాను. కోతలయ్యేదాకా రామాకు."

వారం తిరక్కుండా ఆవిడ గేటు దగ్గర! చెంగులో ఆ కార్డు. "రావద్దని రాస్తే వస్తావేంటమ్మా? పోస్టుమాన్ చదివి చెప్పలేదా?" అని అరిచాను.

"చెప్పాడండీ. ఆయన చేత్తో రాసింది, ఆయన చదువుతుంటే వినాలని వచ్చానండి."

జైలరుగారు కాదనలేక లోపలికి పంపారు. ఊచల అవతల వాడు 'రామాకు' అని చదువుతున్నాడు, ఇవతల ఆవిడ మళ్ళీ చదవమంటోంది. ఏం చెయ్యమంటావు వాళ్ళని?

సరేలే, బడికి వేళైంది, వెళ్ళు. చల్లగా ఉండు తల్లీ. ముందు ఆ పిల్లల్ని అడుగు...