మిగిలిన మాత్రలు

గ్రేటర్ నోయిడా హాస్టల్లో ఒకమ్మాయి పొట్ట పట్టుకుని మంచం మీద ముడుచుకుంది. రూమ్మేట్ మాత్రల షీటు, నీళ్ల సీసా తెచ్చింది.

"ఇంకోటి వేసుకో."

"వద్దే. డాక్టర్ ఆపేయమంది. ఈ మోషన్స్‌కి యాంటీబయాటిక్ అక్కర్లేదట. నువ్విచ్చినవి వేసుకున్నాకే ఎక్కువైందంటే, వీటివల్లే కావచ్చంది. ఓఆర్‌ఎస్ తాగమంది."

"మొదలెట్టిన కోర్సు మధ్యలో ఆపకూడదు కదే."

"అదే అర్థం కావట్లేదు. ఆపితే ప్రమాదమని నువ్వంటావు, వేసుకుంటే ప్రమాదమని ఆవిడంటుంది."

"మంచి మందే. పోయిన నెల నా గొంతునొప్పికి రాసిచ్చారు."

"నువ్వు కోర్సు పూర్తిచేశావా?"

"ఆ, తగ్గేదాకా వేసుకున్నా."

"మరి ఇవెలా మిగిలాయి?"

రూమ్మేట్ షీటును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఓఆర్‌ఎస్ ఎన్ని నీళ్లలో కలపమంది?"