ఒక్క మాట చేర్పు

నిఘంటువు మర్నాడు అచ్చుకు వెళ్తుందనగా, సహాయకురాలు ఒక చీటీ పట్టుకుని సంపాదకుడి గదిలోకి వచ్చింది.

"సార్, 'కాందిశీకుడు' కింద ఉదాహరణ మార్చాలి."

"కొంప ముంచావమ్మా! 'మా నాన్న కాందిశీకుడు' అని నువ్వు రాసిందేగా? తప్పా?"

"తప్పు కాదు సార్, పాతబడింది."

"బహిష్కృతుడని రాద్దామంటే అప్పుడు నాతో పోట్లాడావు!"

"ఆయన్నెవరూ గెంటలేదు కదా సార్. సర్కారు మీద వ్యాసం రాశారని పట్టుకోబోతే, కట్టుబట్టలతో సరిహద్దు దాటారు. ప్రవాసి అందామంటే, సరదాపడి వెళ్ళలేదాయె. 'ఏ దిక్కుకు పోను' అంటూ పరుగెత్తేవాడే కాందిశీకుడని మీరేగా చెప్పారు!"

"చెప్పాను. ఆ అర్థం ఇవాళ మారిందా ఏంటి?"

"అర్థం మారలేదు సార్. కేసులు ఎత్తేశారు. నాన్న నిన్న వచ్చేశారు."

సంపాదకుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పదహారేళ్ళకి! రాగానే ఏమన్నారమ్మా?"

"మేం ఇల్లు మారాం కదా సార్. గుమ్మంలో నిలబడిపోయి, 'ఎటు వెళ్ళాలమ్మా?' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"స్నానాలగది ఎడమవైపు నాన్నా, తువ్వాలు అక్కడే ఉందన్నాను."

సంపాదకుడు పడీ పడీ నవ్వి, చీటీ లాక్కుని, అందులోని 'మా నాన్న కాందిశీకుడు' అన్న వాక్యానికి ముందు ఎర్రసిరాతో ఒక్క మాట చేర్చాడు: 'ఒకప్పుడు'.