నలభై ఒకటో డబ్బా

తేళ్ళను పెంచే గది. లోపల వదిన, మరిది. తాళం వేసిన తలుపుకి అవతల ఆమె భర్త.

"నలభై ఒకటో డబ్బా మూత ఎవరు సరిగ్గా పెట్టలేదు వదినా?"

"ఎవరైతేనేం, ముందు వెతుకు. బల్ల కింద చూశావా?"

"మూడుసార్లు చూశా. ఊదా లైటు వేస్తే తేలన్నాక పచ్చగా వెలగాలి కదా! ఎక్కడా వెలగట్లేదు. అన్నయ్యా, కాస్త తలుపు తియ్యి!"

"తీయను. తేలు దొరికాకే తలుపు. ఆ రూలు పెట్టింది మీ వదినే."

"నన్నంటారేం? మీరు హాయిగా బయటున్నారు!"

"హాయా? ఈ ఏసీకి వణికి చస్తున్నా. ఇక్కడ కొక్కేనికి ఎవరిదో కోటుంటే తగిలించుకున్నా."

"పోనీ వదినా, కుట్టినా విరుగుడు సూది ఉందిగా... ఉందా? అదేంటి, తేలు కుట్టిన దొంగలా మొహం తిప్పుకున్నావు?"

"ఉంది. దానికి పనిచేయదు."

"ఆఁ?"

"నిన్న దాని విషం జన్యువు చదివాను. విషమంటే అరవై నాలుగు పూసల దండ అనుకో. ఉండలా చుట్టుకుని, నాలుగు చోట్ల కుట్లు వేసినట్టు బిగిసి ఉంటుంది. విరుగుడు ఆ ఉండని ఒకచోట పట్టుకోవాలి. దీని జన్యువులో ఒక్క అక్షరం మారింది. సరిగ్గా ఆ పట్టుకునే చోటే పూస మారిపోయింది."

"అంటే పట్టు దొరకదా?"

"దొరకదు."

"నిన్న తెలిస్తే ఇప్పుడా చెప్పడం!"

"చెబితే ఈ గదిలో అడుగుపెట్టేవాడివా? కొత్త విరుగుడు చేయాలంటే దాని విషం ఇంకొక్క చుక్క కావాలి. ఒక్క చుక్క. తిట్టు, తర్వాత తీరిగ్గా తిట్టు."

"తిడతా, తిట్టకుండా ఎలా ఉం... వదినా! అదిగో! కోటు తగిలించే మేకు కింద, గోడవార, పచ్చగా!"

"అమ్మయ్య! పట్టకారుతో పట్టుకో. మెల్లగా, మెల్లగా."

"అన్నయ్యా, దొరికింది! తలుపు తియ్యి!"

"బతికించారు. ఉండండి, తీస్తున్నా."

"వదినా... దీనికి బరువే లేదు. లోపలంతా డొల్ల."

"ఏదీ? ... ఇది కుబుసంరా. రాత్రి విడిచినట్టుంది."

"మరి అసలుది?"

"కొత్త చర్మం మెత్తగా ఉంటుంది. రెండ్రోజుల దాకా వెలగదు. అయ్యో, నా తెలివి తెల్లారినట్టే ఉంది! పొద్దున బయటికెళ్ళేముందు, ఒంటిమీద ఏ తేలైనా ఎక్కిందేమోనని లైటు కింద నిలబడి చుట్టూ తిరిగాను. ఏమీ వెలగలేదని వెళ్ళిపోయాను."

"వెలగకపోతే మంచిదేగా?"

"రాత్రంతా నా కోటు ఈ మేకుకే ఉంది. అదే వేసుకెళ్ళి, బయట కొక్కేనికి..."

"అన్నయ్యా!"

"వస్తున్నా, ఎందుకా అరుపులు! తాళంచెవి ఈ కోటు జేబులోనే పడేశా—"

"ఏమండీ! జేబులో చెయ్యి పెట్టకండి!"

"పెట్టేశానుగా. ఇదేంటే, మెత్తగా తగిలింది?"