జేబులో చేతులు

పారిస్‌లోని టీవీ స్టూడియోలో ప్రత్యక్ష ప్రసారానికి కాసేపటి ముందు, ప్రేక్షకుల చేత చప్పట్లు కొట్టించే ఒడీల్ యాంకర్ గదిలోకి వచ్చి తలుపు మూసింది.

“నేను రాసిన కార్యక్రమాన్ని మీ పేరు మీద వేసుకున్నారు, మెస్యూ.”

“అయితే ఏంటి? జనం చప్పట్లు కొట్టేది నీ రాత చూసి కాదమ్మా, నా మొహం చూసి.”

“అది మీ నమ్మకం. ఇవాళ పరీక్షించి చూద్దాం.”

“ఎలా?”

“రోజూ నేను చెయ్యి ఊపితేనే కొడుతున్నారు. ఇవాళ నా చేతులు జేబులోనే ఉంటాయి.”

“నీకేమైనా మతి పోయిందా? దేశమంతా చూస్తుంది!”

“మంచిదేగా. సాక్షులు ఎంతమంది ఉంటే రుజువు అంత గట్టిగా ఉంటుంది.”

ప్రసారం మొదలైనట్టు స్టూడియోలో ఎర్రదీపం వెలిగింది. అతడు రెండు చేతులూ చాచి మొదటి జోకు వేశాడు. నిండు హాలులో ఎవరో ఒక్కరు దగ్గారు. ఆ దగ్గు ఒడీల్ చెవులకు ఎంతో కమ్మగా వినిపించింది.